మోత్యాను మోసిన మామ

ఒక ముసలి కుక్క భోజనానికి వస్తున్నదని ఇస్త్రీ చొక్కా తొడుక్కొని, కాలేజీకి సెలవు పెట్టి, గేటు దగ్గర నిలబడి ఎదురుచూసిన మనిషి కరీంనగర్ మొత్తం మీద నేనొక్కణ్నే అయి ఉంటాను. ఆ కుక్క అప్పటికి కొన్ని వారాలుగా మా ఇంటి వెనక వరండాలోనే పడుకొని ఉన్నదన్న సంగతి కూడా కలిపితే నా తెలివి మీకు సంపూర్ణంగా అర్థమవుతుంది. నేను జూనియర్ కాలేజీలో తెలుగు చెబుతాను. భ్రాంతిమదాలంకారం పాఠం వచ్చినప్పుడు ఉదాహరణ కోసం నేను పుస్తకం తెరవను.

ఇదంతా మొన్న మళ్లీ గుర్తొచ్చింది. కూరగాయల మార్కెట్లో టమాటాలు ఏరుతుంటే, పశువుల దవాఖానాలో పనిచేసే అటెండర్ ఎదురయ్యాడు.

"సార్, మీ మామ మంచిగున్నడా? మళ్ల ఇటు దిక్కే రాలే."

మామ పోయి ఏడాది దాటిందని చెప్పాను.

"అయ్యో! మరి ఆయన కొడుకు?"

మామకు కొడుకులు లేరు, మా ఆవిడ ఒక్కతే కూతురు. అతను అడుగుతున్నది ఆ ముసలి కుక్క మోత్యా గురించి అని తెలియడానికి నాకు రెండు టమాటాలు ఏరేంత సేపు పట్టింది.

"వాడు అంతకు ముందే పోయిండు," అన్నాను.

"గట్లనే మంచిది సార్. ఆయన లేకపోతే వాడు ఇంకొకల మాట ఇంటుండెనా?" అని, నా సంచిలోకి ఒక చూపు చూసి, మెత్తటి టమాటా ఒకటి తీసి పక్కన పెట్టి వెళ్లిపోయాడు.

మా మామది ఆసిఫాబాద్ దాటిన తర్వాత బస్సు దిగి, ఇంకా కొంత దూరం నడవవలసిన ఊరు. మా పెళ్లయి ఏళ్లు గడిచినా ఆయన మా గడప తొక్కింది తక్కువ. వచ్చినా ఒక పూట కూర్చొని, చాయ్ తాగి, సాయంత్రం బస్సుకే పోయేవాడు. "బిడ్డింట్ల ఎన్నడన్న ఉంటరా సారూ?" అనేవాడు. నన్ను అల్లుడని కొంతసేపు, సారని కొంతసేపు పిలిచేవాడు. రెంటిలో ఏది పిలిచినా లేచి నిలబడి పిలిచేవాడు. నేను కూర్చోమంటే, నేను కూర్చున్నాక కూర్చునేవాడు. నేను మళ్లీ లేస్తే మళ్లీ లేచేవాడు. ఆయన వచ్చిన రోజున ఆయన మోకాళ్ల మీద దయతో నేను కదలకుండా కూర్చునేవాణ్ని.

అలాంటి మనిషి, కూతురిని చూడ్డానికి రానివాడు, కుక్కను చూపించడానికి వచ్చాడు.

ఆషాఢంలో ఒక పొద్దున గేటు చప్పుడైతే తీశాను. ఎదురుగా తెల్ల ధోవతి, నెత్తికి రుమాలు, రెండు చేతుల్లో నల్ల గొంగడి, గొంగడిలోంచి బయటికి ఒక నెరిసిన మూతి. పక్కన నేల మీద ప్లాస్టిక్ క్యాన్లు. కరీంనగర్ వచ్చే కూరగాయల వ్యాన్‌లో ఎక్కి వచ్చాడట.

"బిడ్డా, వీనికి పానం మంచిగ లేదు. మా దిక్కు డాక్టరు ‘కరీంనగర్ తీస్కపో, అక్కడ అన్ని పరీక్షలు జేస్తరు’ అన్నడు," అని కూతురితో చెప్పి, అప్పుడు నన్ను చూశాడు. చేతులు ఖాళీ లేకపోయినా నమస్కారం పెట్టబోయాడు. దాంతో గొంగడి ముందుకు వంగి కుక్క తల కూడా నా వైపు వంగింది. ఇద్దరూ కలిసి నాకు ఒకే నమస్కారం పెట్టినట్టయింది.

క్యాన్లలో ఏముందని అడిగాను.

"నీళ్లు. మా ఊరి బోరువి. వీనికి వేరే నీళ్లు వడవు."

కుక్క పేరు మోత్యా. మరాఠీలో ముత్యమని అర్థమట. వాళ్ల ఊరు మహారాష్ట్రకు దగ్గర. అక్కడ ఎడ్లకు, కుక్కలకు, కోపానికి, ముద్దుకు మరాఠీ. మిగతా లోకవ్యవహారానికంతా తెలుగు. ముత్యం సంగతేమో కానీ ఆ పేరులో మోత దాగి ఉన్నదని నాకు ఆ రోజే తెలిసింది. ఎందుకంటే మా సందును ఆ ఏడాది మురుగు కాలువ కోసం తవ్వి, తవ్వినవాళ్లు తవ్విన చోటే మరిచిపోయారు. ఆటో లోపలికి రాదు. మెయిన్ రోడ్డు దాకా కుక్కను మోయాలి. మోత్యాకు వెనక కాళ్లు నిలవడం లేదు.

"ఇటియ్యి మామా, నేనెత్తుకుంట," అని చేతులు చాపాను.

నేనేదో అనకూడని మాట అన్నట్టు ఆయన ఒక అడుగు వెనక్కి వేశాడు. "అల్లునితోని కుక్కను మోపిచ్చుడా! మా ఊర్లె తెలిస్తె నా మొఖం ఏడ వెట్టుకోవాలె? నువ్వు ఛత్రి వట్టు సారూ."

ఛత్రి పట్టాను. అదీ నా నెత్తి మీద కాదు, మోత్యా నెత్తి మీద.

ఆ రోజు నుంచి వారానికి కొన్ని పొద్దులు మా సందులో ఒక ఊరేగింపు జరిగేది. ముందు డెబ్బై దాటిన మనిషి, గుంటల మీద వేసిన చెక్కలపై నడుస్తూ, గుండెకు హత్తుకొని గొంగడి. పక్కన నలభై దాటి, తిండికి లోటు లేక పెరిగిన నేను, ఒక చేత్తో ఛత్రి. రెండో చెయ్యి ఊరికే ఊపుకుంటూ పోవడానికి.

సందు చివర కిరాణా కొట్టాయన మొదటి వారం ఏమీ అనలేదు. రెండో వారం ఉండలేకపోయాడు.

"సార్, పెద్దమనిషితోని మోపిస్తున్నరా? జర మీరు వట్టుకుంటే ఏమైతది?"

"ఆయన ఇస్తలేడు."

"అడిగి సూడుండ్రి సార్, ఇస్తడు," అన్నాడు, అడగడం కూడా తెలియని నా వంక జాలిగా చూస్తూ. 

సందులోనే ఉండే కుట్టుమిషన్ ఆవిడ నన్ను చూసి తల పక్కకు తిప్పుకునేది. నా దగ్గర చదివిన ఒక కుర్రాడి తల్లి, "మా వానికి మీరే చెప్పిన్రట గదా సార్, పెద్దోళ్లను గౌరవించాలని," అన్నది. ఆమె వేరే ఏమీ అనలేదు. అనవలసింది మిగల్లేదు. మామ తన మర్యాద తాను నిలుపుకున్నాడు. నా ఇజ్జత్ మాత్రం ఆ గుంటల్లో ఎక్కడో పడిపోయింది. మున్సిపాలిటీ వాళ్లు తర్వాత దాన్ని కూడా కలిపి పూడ్చేశారు.

దవాఖానాలో మామ బెంచీ మీద కూర్చునేవాడు కాదు. "వాడు కింద ఉంటే నేను మీద ఎట్ల కూసుంట?" అని నేల మీద గొంగడి పరిచి, మోత్యా తలను ఒడిలో పెట్టుకునేవాడు. ఆయన కింద కూర్చున్నాక నేను బెంచీ మీద ఎట్లా కూర్చుంటాను? నేనూ నేలకు దిగేవాణ్ని. "అయ్యో సారూ, ప్యాంటు ఖరాబైతది," అని ఆయన లేచేవాడు. ఈ గొడవకు అటెండర్ చివరికి ఒక పాత చాప తెచ్చి పడేశాడు.

అక్కడికి వచ్చేవాళ్లందరినీ మామ పలకరించేవాడు. పశువులను అడిగాక మనుషులను. ఒకరోజు జీన్స్ తొడుక్కున్న ఒక అమ్మాయి బంగారు రంగు బొచ్చుతో దున్నపిల్లంత కుక్కను తెచ్చింది.

"ఏ ఊరోడమ్మా ఈయన?"

"ల్యాబ్రడార్, అంకుల్."

"ఏదైతేంది, ఈడి నీళ్లు వడ్డయా?"

ఆ అమ్మాయి నవ్వి, పడ్డాయని చెప్పింది. మామ నా వైపు తిరిగి, "సూసినవా సారూ, గంత ఒళ్లున్నా ఎంత నెమ్మదస్తుడో. మనోడు ఇంతున్నప్పుడే అడవి పందిని చేన్ల నుంచి ఎల్లగొట్టిండు," అన్నాడు. ఆయన చెయ్యి చూపిన ఎత్తు నేల నుంచి జానెడు. ఆయన ఏ జంతువును మెచ్చుకున్నా ఆ మెప్పు చుట్టూ తిరిగి చివరికి మోత్యా దగ్గరికే చేరేది. "వాడు ఎన్నడు ఒకల ఇంట్ల ముద్ద ముట్టలే. ఊర్లె పెండ్లయితది, ఊరి కుక్కలన్ని ఇస్తార్ల కాడ కొట్లాడుతయి. వీడు మా వాకిట్ల కూసోని సూస్తుంటడు, పటేలు లెక్క." ఈ మాట చెప్పేటప్పుడు ఆయన వెన్ను దానంతట అదే నిటారుగా అయ్యేది.

డాక్టరమ్మ చిన్న వయసుది. రక్తం పరీక్ష చూసి, రోగం నీళ్లలో లేదని, కిడ్నీలలో ఉన్నదని చెప్పింది. వయసు వల్ల అవి అరిగిపోయాయని, పూర్తిగా బాగుచేయలేమని, జాగ్రత్తగా చూస్తే కొంతకాలం సుఖంగా ఉంచవచ్చని చెప్పింది. మామ చివరిదాకా విన్నాడు. విని, కిందికి వంగి మోత్యాకు మొదటి నుంచీ అప్పజెప్పాడు.

"ఇన్నవా? నీళ్లు గాదట. నేను తప్పు సమజైన. ఉప్పు బంద్. మటన్ బంద్. బొక్కలు అసలే బంద్. సెలైన్ ఎక్కిస్తరట, కదలద్దు."

"ఆయనకు తెలుస్తదా పెద్దాయనా?" అని డాక్టరమ్మ నవ్వింది.

"తెల్వకపోతే తెల్వకపోనీ. పానం వానిది. చెప్పుడు మన ధర్మం."

ఆ మర్నాటి నుంచి మా ఇంట్లో కూడా మటన్ బంద్. వాసన వస్తే వాడి ప్రాణం కొట్టుకుంటుందని మామ అన్నాడు. అల్లుడు వస్తే కోడిని కోసే ఇంటి మనిషి, అల్లుడి ఇంటికి వచ్చి కోళ్లకు అభయమిచ్చాడు. ఆదివారం నాడు నా విస్తట్లో సొరకాయ, మోత్యా గిన్నెలో సొరకాయ. తేడా ఒక్కటే, వాడికి కోడిగుడ్డు తెల్లసొన కూడా ఉండేది. నేను పద్యం చెప్పుకొని బతికేవాణ్ని. ఆయన పథ్యం చెప్పి బతికించేవాడు. మా ఇద్దరి శిష్యుల్లో ఎవరు మెరుగో నేను చెప్పను.

గోలీల విషయంలో మాత్రం మా ఇద్దరికీ తగవు వచ్చింది. డాక్టరమ్మే చెప్పింది, అన్నంలో కలిపి పెట్టండి అని. మామ ఒప్పుకోలేదు. ఆమె చెప్పినవాటిలో ఆయన పాటించనిది అదొక్కటే. గోలీని అరచేతిలో పెట్టి మోత్యాకు చూపించి, "గిది వాంతులకు. చేదుంటది. మింగు," అని చెప్పి, నోరు తెరిచి, నాలుక మీద వెనగ్గా వేసి, గొంతు నిమిరేవాడు. మోత్యా మింగేవాడు. ఒకరోజు మామ స్నానంలో ఉంటే నేను నా తెలివి చూపిద్దామని గోలీని గుడ్డు ముక్కలో దాచి పెట్టాను. మోత్యా గుడ్డు తిని, గోలీని శుభ్రంగా నాకి, నా కాలి దగ్గర ఉంచి, మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. తర్వాత చాలాసేపు నేను పిలిస్తే చెవి కూడా కదపలేదు.

మామ వచ్చి నేల మీది గోలీని చూశాడు, గోడ వైపు తిరిగిన మోత్యాను చూశాడు, నన్ను చూశాడు.

"సారూ, పిలగాండ్లకు పాఠం గూడ గిట్లనే దాసిపెట్టి చెప్తవా?"

లేదని చెప్పలేకపోయాను. మా పాఠ్యపుస్తకాలు చూసినవాళ్లకు తెలుస్తుంది.

ఆయన వాడిని ఎన్నడూ ‘అది’ అనలేదు. వాడు, మనోడు, కోపమొస్తే ఆయన. మా ఆవిడ ఒకసారి పట్టుకుంది. "బాపూ, నన్ను ‘అది ఏడికి పోయింది’ అంటవ్. కుక్కను ‘వాడు ఏం జేస్తుండు’ అంటవ్."

"నువ్వు మంచిగున్నవ్ గద బిడ్డా," అన్నాడు మామ. అది జవాబెట్లా అయిందో మా ఇద్దరికీ అర్థం కాలేదు. ఆ తర్వాత ఆమె మళ్లీ అడగలేదు.

శ్రావణం సగం గడిచేసరికి మోత్యా తిండి మానేశాడు. ముందు తెల్లసొన వదిలేశాడు, తర్వాత అన్నం, తర్వాత మజ్జిగ కూడా. సెలైన్ ఎక్కుతుంటే మామ సీసా వైపు చూస్తూ కూర్చునేవాడు. చుక్క ఆగితే ఆయన ఊపిరి ఆగేది. మామ కూడా సరిగ్గా తినడం లేదని మా ఆవిడ కనిపెట్టింది. కంచం ముందు కూర్చుంటాడు, కలుపుతాడు, లేస్తాడు.

డాక్టరమ్మ మోత్యా పక్కటెముకలు తడిమి చూసింది. తర్వాత మామ పక్కన చాప మీద కూర్చుంది. "పెద్దాయనా, వాంతులు తగ్గనీకి సూది మార్చి ఇస్తున్న. రెండు మూడు రోజులు చూద్దాం. అప్పటికి గూడ తినకపోతే ఇగ బాధ పెట్టద్దు. నిద్రపుచ్చే ఇంజెక్షన్ ఉంటది."

మామ తల ఊపాడు. "నిద్ర వానికి మంచిగనే వడుతుందమ్మా. ఆకలే అయితలేదు."

ఆయనకు అర్థం కాలేదనుకొని ఆమె నా వంక చూసింది. ఆయనకు అర్థమైందని నాకు తెలుసు. ఎందుకంటే ఆ రోజు మామ విన్నది మోత్యాకు చెప్పలేదు. ఇంటికి వచ్చాక గొంగడి దించి, వరండాలో స్తంభానికి ఆనుకొని, కూతురితో అన్నాడు.

"ఊర్లెకెళ్లి నేను తీస్కొచ్చిన బిడ్డా. నేనే తీస్కపోవాలె. ఈడ ఇడిసిపెట్టి ఉత్త గొంగడి వట్టుకొని వాకిట్లకు ఎట్ల పోత?"

మర్నాడు సాయంత్రం నేను కాలేజీ నుంచి వచ్చి ముందు గదిలో చెప్పులు విడుస్తుంటే, వెనక వరండాలోంచి మామ గొంతు వినిపించింది. ఫోన్‌లో మామ మాట్లాడితే అవతలివాళ్లకు ఫోన్ అక్కర్లేనంత గట్టిగా మాట్లాడేవాడు. ఆ రోజు మాత్రం మెల్లగా, వినయంగా, పెళ్లిపిలుపుకు పోయినవాడిలా ఉంది ఆ గొంతు.

"రేపు మా ఇంట్ల భోజనం. తప్పకుండ రావాలె. నేను పిలువలేదని మనసుల వెట్టుకోకు, తప్పు నాదే. కాదనద్దు."

నేను వంటింట్లోకి వెళ్లాను. మా ఆవిడ శనగపప్పు నానబెడుతున్నది.

"రేపు ఎవలొస్తున్నరు?"

ఆమె నా మొహంలోకి చూసింది. ఆమె కళ్లలో ఏదో మెరిసింది కానీ నేను దాన్ని దీపం వెలుగనుకున్నాను. "పెద్ద చుట్టం," అన్నది.

"మీ వైపా?"

"మా వైపే. బాపుకు పానం లెక్క."

"నేనెన్నడన్న చూసిన్నా?"

"చూసినవ్. ఆయనంటే నీకు జర భయం గూడ."

నేను వెంటనే వాళ్ల పెద్దనాయననుకున్నాను. పెళ్లిలో నేను పోసిన తలంబ్రాల గింజ ఒకటి ఆయన కంట్లో పడినప్పటి నుంచి మా మధ్య సంబంధాలు అంతంత మాత్రం. ఆయనను ఈసారైనా ప్రసన్నం చేసుకోవాలని సెలవు చీటీ రాశాను, చొక్కా ఇస్త్రీ చేయించాను, పొద్దున్నే అరటాకులు, బంతిపూలు తెచ్చాను. మధ్యాహ్నం ముసురు పడుతుంటే ఛత్రి వేసుకొని గేటు దగ్గర నిలబడ్డాను. పోయే ప్రతి ముసలాయనకూ నమస్కారం పెట్టాను. ఒకాయన నన్ను ఎలక్షన్లలో నిలబడుతున్నావా అని అడిగాడు.

చివరికి మా ఆవిడ గుమ్మంలోకి వచ్చింది. "ఏమయ్యా, ఇగ లోపలికి రా. చుట్టం కూసున్నడు."

"ఎటునుంచి వచ్చిండు?"

"వెనకనుంచి."

వరండాలో ముగ్గు వేసి ఉంది. ముగ్గు పక్కన అరటాకు. ఆకులో ఉప్పులేని అన్నం, సొరకాయ, బొబ్బట్టు లాంటి ఒక చిన్న పోలె, దాని మీద నెయ్యి. ఆకు ముందు, గొంగడి మీద, నుదుట పసుపు, మెడలో నేను తెచ్చిన బంతిపూలతో మోత్యా. ఎదురుగా, కడిగిన ధోవతితో, చేతులు జోడించి మామ.

వాళ్ల వైపు శ్రావణం చివరి అమావాస్య పొలాల పండుగ. అది ఎడ్ల పండుగ. నేను పుట్టి పెరిగిన జమ్మికుంట వైపు దాన్ని ఎన్నడూ చూడలేదు. ముందు రోజు సాయంత్రం, కాడి మోసిన మెడలకు వెన్న, పసుపు రాసి, ‘రేపు భోజనానికి రావాలె’ అని ఎడ్లను నోరారా పిలుస్తారట. మర్నాడు కడిగి, రంగులు పూసి, ఊరేగించి, పోలెలు పెట్టి, అవి తిన్నాకే ఇంట్లోవాళ్లు తింటారట. ట్రాక్టర్లు వచ్చాక మామ ఎడ్లను అమ్మేశాడు కానీ పండుగను అమ్మలేదు. ముందు రోజు సాయంత్రం మోత్యా నడుముకు వెన్న రాస్తూ ఆయనకు తట్టిందట.

"ఒకల ఇంట్ల ముద్ద ముట్టనోడు గద," అన్నాడు నాతో, నేను అడగకుండానే. "ఇది నా ఇల్లు గాదు, అల్లునిల్లు. వాన్ని దవాఖానకు తెచ్చిన గని భోజనానికి పిలువనే లే. పిలువని ఇంట్ల ఎట్ల తింటడు?"

నాకు నవ్వు రాలేదు. నా ఇస్త్రీ చొక్కా కూడా అప్పుడు నాకు గుర్తులేదు.

మామ మోత్యా వైపు తిరిగాడు. "పిలువంగనే వచ్చినవ్, సంతోషం. ఇగ తినుడు, తినకపోవుడు నీ ఇష్టం. బలిమి లేదు."

మా ఇంట్లో విస్తరి ముందు అంత నిశ్శబ్దంగా కూర్చున్న చుట్టం మరొకరు లేరు. మోత్యా ఆకు వైపు చూడలేదు. నెయ్యి పేరుకుంది. చూరు నుంచి నీళ్లు కారడం మొదలైంది. నా కడుపులో ఏదో కూసింది. మా ఆవిడ నా వైపు కళ్లెర్రజేసింది. చుట్టం తినందే ఎవరూ తినకూడదు. నేను నా జీవితంలో ఎవరి ఆకలి కోసమూ అంతగా మొక్కలేదు, నా ఆకలి కోసం కూడా.

మోత్యా మూతి ముందుకు చాపాడు. వాసన చూశాడు. మళ్లీ వెనక్కి తీసుకున్నాడు. మామ చెయ్యి కదల్లేదు. అన్నం కలపలేదు, ముద్ద చేయలేదు, నోటికి అందించలేదు. కాసేపటికి మోత్యా నెయ్యిని ఒక్కసారి నాకాడు. తర్వాత ఆలోచిస్తున్నట్టు ఆగాడు. తర్వాత పోలె అంచును కొరికాడు. దవడ ఒక పక్కకు వేసుకొని, ముసలివాళ్లు వక్క నమిలినట్టు నమిలాడు. పోలె అయిపోయింది. అన్నంలో సగం పోయింది.

"ఉప్పు లేదని ఏమనుకోకు," అన్నాడు మామ. "డాక్టరమ్మ వద్దన్నది."

మా ఆవిడ ఇంకో పోలె తేవడానికి లేస్తే, "వద్దు బిడ్డా, డాక్టరమ్మను ఒక్కటని అడిగొచ్చిన, ఒక్కటే," అని ఆపాడు. అంత సంతోషంలోనూ పథ్యం తప్పలేదు. ఆ తర్వాత ఆయన మా పక్కన కూర్చొని తిన్నాడు. అడిగి రెండోసారి పెట్టించుకున్నాడు. మా ఇంట్లో ఆయన కడుపునిండా తినడం అదే మొదలు. మేమూ ఇన్నాళ్లూ ఆయనను ఒక్కసారైనా నోరు తెరిచి పిలవలేదని అప్పుడే నాకు తట్టింది.

కొత్త సూది పనిచేసిందని డాక్టరమ్మ అన్నది. పిలుపు అందిందని మామ అన్నాడు. నేను ఇద్దరితోనూ ఒప్పుకున్నాను. సెలవు పెట్టినవాణ్ని కదా.

ఆ తర్వాత మోత్యా రోజూ కొంచెం తిన్నాడు. వెనక కాళ్ల మీద లేచి గేటు దాకా పోయి రావడం మొదలుపెట్టాడు. వినాయక చవితి అయ్యాక, ఇంటికి తీసుకుపోవచ్చని, సెలైన్ అక్కడి డాక్టరుతో పెట్టించుకోవచ్చని డాక్టరమ్మ చెప్పింది. మామ మొహం చూడాలి అప్పుడు. పరీక్ష పాసైనవాడు మోత్యా, మార్కులు మాత్రం మామ మొహం మీద.

ట్రాలీ ఆటో మాట్లాడి నేనే తోడుగా బయలుదేరాను. దారంతా మామ వెనక ట్రాలీలో మోత్యా పక్కనే కూర్చొని, ఏ ఊరు వచ్చిందో వాడికి చెబుతూ వచ్చాడు. ‘మా ఊరు ఇగ వచ్చింది’ అని మామ అన్న చోట ఆటో ఆగింది. ఊరికి ఇవతల వాగు. కల్వర్టు మీద మోకాటి లోతు నీళ్లు పారుతున్నాయి. ఇంజిన్‌లోకి నీళ్లు పోతాయని డ్రైవర్ ససేమిరా అన్నాడు.

మామ కిందికి దిగి ధోవతి పైకి కట్టాడు. గొంగడి విదిలించాడు. భుజం సవరించుకున్నాడు. ఆ భుజం కొన్నాళ్లుగా నొస్తున్నదని, మా ఆవిడ చేత చాటుగా మందు రాయించుకుంటున్నాడని నాకు తెలుసు. ఆయన గొంగడి మడత పెట్టేలోపు నేను మోత్యాను ఎత్తి, గొర్రెపిల్లను వేసుకున్నట్టు మెడ చుట్టూ వేసుకొని నీళ్లలోకి దిగేశాను.

"అల్లుడా! ఏయ్ సారూ! దించు!"

"నీళ్లల్ల దించాల్నా మామా?"

ఆయన వెనకాల నీళ్లు చిందిస్తూ వచ్చాడు. ఒడ్డు చేరాను.

"ఒడ్డొచ్చింది గద, ఇగ దించు. నడుస్తడు."

"బురదున్నది మామా, జారుతడు."

బురద అయిపోయి సిమెంట్ రోడ్డు వచ్చింది. నేను ఆగలేదు. మామ ఇంటికి పొలాల వెంబడి అడ్డదారి ఉన్నది. నేను దాన్ని వదిలి, ఊరి నడుమ నుంచి పోయే దారి పట్టాను. నల్లా దగ్గర ఆడవాళ్లు బిందెలు నిండి పొర్లుతున్నా చూస్తూ నిలబడ్డారు. చాయ్ హోటల్ ముందు మామ ఈడువాళ్లు నలుగురు కూర్చొని ఉన్నారు. నేను సరిగ్గా అక్కడే ఆగి, మెడ మీద మోత్యాతో వంగినంత వంగి, అందరికీ నమస్కారం పెట్టాను.

"ఏందే బావా!" అని అరిచాడు అందులో ఒకాయన. "మా అల్లుడు సారును కాలు కింద వెట్టనియ్య, చేతికి మన్నంటనియ్య, గట్ల సూస్కుంట అని ఊరంత చెప్తివి. గిప్పుడు కుక్కను మోపిస్తున్నవా?"

మామ ఊళ్లో నా గురించి ఏం చెప్పుకున్నాడో నాకు అప్పుడే తెలిసింది. ఉన్నది ఉన్నట్టు చెప్పేద్దామనుకున్నాను. కానీ మా కిరాణా కొట్టాయన మొహం గుర్తొచ్చింది. కుట్టుమిషన్ ఆవిడ తిప్పుకున్న మెడ గుర్తొచ్చింది.

"ఏం జెయ్యాలె పెద్దాయనా," అన్నాను, ఊరందరికీ వినబడేలా నిట్టూర్చి. "మామ మొయ్యమన్నడు, మోస్తున్న."

"అబద్ధం!" మామ గొంతు వెనక నుంచి పెళ్లున లేచింది. కుక్కకు గోలీ కూడా దాచిపెట్టని మనిషి. "అబద్ధమే! నేను చెప్పలే! దించుమంటే దించుతలేడు! సారూ, నిజం చెప్పు!"

ఎవరూ నమ్మలేదు. హోటల్ హోటలంతా పగలబడి నవ్వింది. ఒకాయన నా దగ్గరికి వచ్చి, "జర నేను వట్టుకుంట తే బిడ్డా," అన్నాడు.

"వద్దు, మామ ఏమన్న అంటడు," అన్నాను.

మోత్యా నా భుజం మీది నుంచి మెడ తిప్పి వెనక్కే చూస్తున్నాడు. తోక నా వీపుకు తగులుతున్నది. మామ ఆ నవ్వుల మధ్య ఒక్కొక్కరికీ చేతులు ఊపుతూ ఇంకా వివరించి చెబుతూనే ఉన్నాడు. నేను మాత్రం వెనక్కి చూడలేదు. చూస్తే దించేసేవాణ్ని.